రేక గులాబీ చుట్టాలు

ముద్ద మందారానికీ రేక మందారానికీ తేడా మన పెరళ్లలో చిన్నపిల్లలకైనా తెలుసు. గులాబీ దగ్గరికొచ్చేసరికి మాత్రం ముద్దపువ్వే పువ్వని స్థిరపడిపోయాం. అడవిలో పుట్టిన గులాబీ రేక పువ్వు. ఐదే రేకులు, నడుమ పచ్చటి కేసరాలు, అంతే. అంగడి గులాబీలో ఆ కేసరాల్లో చాలావరకు రేకులుగా మారిపోయాయి. చూపుకు నిండుదనం వచ్చింది, తేనెటీగకు పుప్పొడి కరువైంది. నా మట్టుకు నాకు ఐదు రేకుల పువ్వే అందం.

మే, జూన్ నెలల్లో బదరీ, కేదారాలకు వెళ్లే మనవాళ్లలో చాలామంది ఈ పువ్వును చూసే ఉంటారు, గులాబీ అని గుర్తుపట్టి ఉండరు. గఢ్వాల్ లోయల్లో పక్క చెట్ల మీదికి ఎగబాకి, గుత్తులు గుత్తులుగా తెల్లగా పూసే ముళ్లతీగ అది. హిమాలయ కస్తూరి గులాబీ. ఇంకా ఎత్తుకు వెళితే రోజా సెరిసియా కనిపిస్తుంది. దానికి సాధారణంగా నాలుగే రేకులు. గులాబీ జాతిలో అలా ఉండడం అరుదు.

ఐదు రేకుల లెక్క పట్టుకుని వెతికితే కుటుంబం చాలావరకు బయటపడుతుంది. ఆపిల్, బేరి, బాదం, పీచ్, చెర్రీ, స్ట్రాబెర్రీ అన్నీ ఐదు రేకులతో పూసేవే. ఆయుర్వేద దుకాణాల్లో అమ్మే పద్మకాష్ఠం కూడా ఈ ఇంటిదే, హిమాలయ చెర్రీ చెట్టు చెక్క. కాయల్లోనైతే ఈ చుట్టరికం మరీ విచిత్రం. గులాబీ రేకులు రాలాక ఎర్రగా మిగిలేది ఒక చిన్న గిన్నె. మనం గింజలనుకునే అసలు కాయలు దాని లోపల ఉంటాయి. స్ట్రాబెర్రీలో పువ్వు అడుగుభాగం ఉబ్బి వాటిని బయటికి నెట్టేసింది. చలికాలంలో లంబసింగి వెళ్లినప్పుడు ఒక స్ట్రాబెర్రీ చేతిలోకి తీసుకుని చూడండి. పైన అంటుకుని ఉన్న గింజలే కాయలు, మనం ఇష్టంగా తినేది పువ్వు కూర్చున్న పీట. ఆపిల్‌లోనూ తినే కండ చాలావరకు పువ్వు అడుగుదే. గులాబీ కాయల్లో సి విటమిన్ మెండు. రెండో ప్రపంచ యుద్ధంలో నారింజల దిగుమతి పడిపోయినప్పుడు బ్రిటన్‌లో పొదల్లోని ఈ కాయలు ఏరించి, పానకం కాచి పిల్లలకు పట్టారు.

మన నర్సరీల్లో దొరికే గులాబీల్లో చాలా రకాలు యూరప్, అమెరికాల్లో తయారైనవో, వాటి సంతానమో. ఎండాకాలం చిక్కిపోతాయి, వానాకాలం నల్లమచ్చ తెగులుతో ఆకు రాలుస్తాయి. వేడినీ తడినీ ఓర్చే గులాబీలు మన దేశపు అడవుల్లోనే ఉండగా వాటిని ఇన్నాళ్లు పట్టించుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. బెంగాల్, బిహార్ వైపు తడినేలల్లో, వరద ముంచెత్తినా బతికే రోజా క్లైనోఫిల్లా ఉంది. మణిపూర్ కొండల్లో చెట్లెక్కి పెద్ద పెద్ద పువ్వులు పూసే రోజా జైగాంటియా ఉంది. అక్కడ దాన్ని 1882లో జార్జి వాట్ గుర్తించాడు. నీలగిరి, పళని కొండల్లో తెల్లగా పూసే రోజా లెషెనాల్టియానా ఉంది.

వీటి విలువ తెలిసి పనిలోకి దిగినవారు ఎం.ఎస్. వీరరాఘవన్. ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసి, ఉద్యోగం ముందే వదులుకుని, భార్య గిరిజతో కొడైకెనాల్‌లో స్థిరపడ్డారు. క్లైనోఫిల్లానూ జైగాంటియానూ తోట గులాబీలతో కలిపి, వేడి ప్రాంతాలకు సరిపడే రకాలను దశాబ్దాల పాటు ఓపికగా పుట్టించారు. వాటిలో ఒకదానికి వృక్షశాస్త్రవేత్త ఇ.కె. జానకి అమ్మాళ్ పేరు పెట్టారు. ఇది తెలుగు నేల మీద ఇంటింటా తెలియవలసిన పని అని నా అభిప్రాయం.

పెరట్లో కాస్త చోటున్నవాళ్లు ఒక్క రేక గులాబీనైనా పెంచండి. నర్సరీలో లేదంటే వదలకుండా అడగండి. అడిగేవాళ్లుంటేనే తెప్పిస్తారు.