ప్లాటినం మాట విన్నారు

10 జనవరి 2025, శుక్రవారం

సంక్రాంతి ప్రయాణాలు మొదలయ్యాయి. హైదరాబాద్ చైతన్యపురి సందుల్లోంచి అప్పుడే స్టార్టు చేసుకొచ్చిన కార్లు మెయిన్ రోడ్డెక్కి, ఎల్బీనగర్ చౌరస్తాలో విజయవాడ బస్సుల వెనక నిలబడిపోతున్నాయి. పొద్దున చలిలో ఆ పొగ కిందికే ఉంటుంది. నడిచి వస్తుంటే కళ్లు మండాయి.

ఈ కార్లన్నిటికీ కెటలిటిక్ కన్వర్టర్ ఉంది. అయినా బయల్దేరిన మొదటి ఒకటి రెండు నిమిషాలు అది దాదాపు పనిచేయదు. 250, 300 డిగ్రీల దాకా వేడెక్కితే గాని అందులోని ప్లాటినం, పల్లాడియం, రోడియం మేల్కోవు. కారణం చలి ఒక్కటే కాదు. చల్లటి ప్లాటినం మీద కార్బన్ మోనాక్సైడ్ గట్టిగా అతుక్కుని మొత్తం ఉపరితలాన్ని ఆక్రమిస్తుంది. ఆక్సిజన్ అణువు విడిపోవాలంటే పక్కపక్కన రెండు ఖాళీ చోట్లు కావాలి. అవి దొరకవు. అంటే కాల్చాల్సిన వాయువే కాల్చే లోహానికి విషం. ఇర్వింగ్ లాంగ్మ్యూర్ 1922లోనే ఈ సంగతి చెప్పాడు. వేడి పెరిగితే కార్బన్ మోనాక్సైడ్ పట్టు సడలుతుంది, ఆక్సిజన్‌కు చోటు దొరుకుతుంది, ఒక్కసారిగా పని ఊపందుకుంటుంది. మన నెత్తుట్లోని హిమోగ్లోబిన్‌ను పట్టుకునేదీ ఈ వాయువే.

11 జనవరి, శనివారం

బండి సర్వీసింగుకని ఎల్బీనగర్ వెళ్లాను. మెకానిక్ దగ్గర ఒక పాత కారు లిఫ్టు మీద ఉంది, కింద సైలెన్సర్ విప్పి పెట్టాడు. కన్వర్టర్ డబ్బాలో సన్నటి చదరపు గొట్టాల పింగాణీ దిమ్మె. ముందు వైపంతా తెల్లగా, గాజు పూత పూసినట్టుంది.

"ఇంజన్ ఆయిల్ తాగుతది సార్ ఈ బండి. నీలం పొగ. పొల్యూషన్ టెస్టులో పాస్ అయితలేదు."

ఆ తెల్లటిది ఆయిల్ నుంచి వచ్చిందే. ఇంజను భాగాలు అరగకుండా నూనెలో జింకు, ఫాస్ఫరస్ ఉన్న మందు కలుపుతారు. రింగులు అరిగి నూనె కాలితే ఆ ఫాస్ఫరస్ పొగలో కలిసి వచ్చి, లోహాన్ని మోసే అల్యూమినా మీద, సిరియా (సీరియం ఆక్సైడ్) మీద ఫాస్ఫేటుగా గడ్డకడుతుంది. సిరియా పని ఆక్సిజన్‌ను దాచిపెట్టి అవసరానికి ఇవ్వడం. ఫాస్ఫేటుగా మారిన సిరియా ఆ పని మళ్లీ చేయలేదు.

కొత్త దిమ్మె ఖరీదు విని ఓనర్ వెనక్కి తగ్గాడట. "తీసేసి ఖాళీ డబ్బా పెట్టుమంటుండు. పికప్ మంచిగొస్తదని ఎవరో చెప్పిన్రు." నువ్వేమన్నావని అడిగాను. "ముందుగాల రింగులు మార్పిద్దాం అన్న సార్. గవి మార్చకుంటే కొత్తది పెట్టినా గట్లనే అయితది."

రసాయనశాస్త్రం ఇంతకన్నా సూటిగా చెప్పలేదు. చచ్చిన ఉత్ప్రేరకాన్ని మార్చేముందు విషం ఎక్కడినుంచి వస్తోందో చూడాలి.

13 జనవరి, భోగి

తెల్లవారుజామున మా వీధి మంటలో ఎవరో పాత తలుపు రెక్కలు వేశారు. పచ్చ రంగు పెచ్చులు చిటపటలాడాయి. చుట్టూ చిన్నపిల్లలు. పాత రంగుల్లో సీసం ఉంటుందని చెప్పి ఒక రెక్క పక్కకు లాగించాను. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017లో. ఆ తలుపు అంతకన్నా పాతది.

పొద్దంతా సీసం గురించే ఆలోచన. థామస్ మిజ్లీ 1921 డిసెంబరులో పెట్రోలులో టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు మందు కలిపితే ఇంజను కొట్టుకోదని కనుక్కున్నాడు. ఇది జనానికి విషమని ఆలిస్ హామిల్టన్ వంటి వైద్యులు 1925లోనే అధికారుల ముందు నిలబడి చెప్పారు. వినలేదు. తర్వాత యాభై ఏళ్లు ప్రపంచమంతా సీసం కాల్చింది.

1970 తర్వాత అమెరికాలో కార్లకు కన్వర్టర్ తప్పనిసరయ్యే పరిస్థితి వచ్చింది. అప్పుడు తేలిన సంగతి: సీసం ఉన్న పెట్రోలు కొన్ని ట్యాంకులు పోస్తే చాలు, ప్లాటినం పోతుంది. పెట్రోలులోని గంధకమూ విషమే గాని, అది వేడికి కొంత వదులుతుంది. సీసం లోహం మీద కూర్చుంటే లేవదు. అందుకని సీసం లేని పెట్రోలు 1974 జులై కల్లా పెద్ద బంకులన్నిటిలో ఉండాలని నిబంధన పెట్టారు. పాత గొట్టం దూరకుండా కొత్త కార్ల ట్యాంకు మూతి చిన్నది చేశారు. పిల్లల ఆరోగ్యం కోసం పెట్టిన ఇంకో నిబంధన మాత్రం 1976 దాకా కోర్టుల్లో నలిగింది.

మన దగ్గరా అదే వరస. లాయరు ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు కదిలిస్తే, 1995 ఏప్రిల్ 1 నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త కార్లకు కన్వర్టరు, వాటి కోసం సీసం లేని పెట్రోలు. హైదరాబాద్ ఆ నాలుగింటిలో లేదు. దేశమంతటా సీసం ఆగింది 2000 ఫిబ్రవరి 1న. 1990ల చివర జార్జ్ ఫౌండేషన్ హైదరాబాద్ సహా కొన్ని నగరాల్లో నెత్తురు పరీక్షలు చేయిస్తే, పన్నెండేళ్లలోపు పిల్లల్లో సగం మందికి డెసిలీటరుకు 10 మైక్రోగ్రాములకు పైగా సీసం ఉంది. ఆ పిల్లలకు ఇప్పుడు ముప్పై, నలభై ఏళ్లు. ఎల్బీనగర్ రోడ్డు మీద మొన్న కార్లు నడుపుతున్నవాళ్లలో వాళ్లూ ఉంటారు.

పిల్లల నెత్తురు చెబితే వినని మాట ప్లాటినం చెబితే విన్నారు. నాకు కోపం వస్తుంది. ఆ వెంటనే, ఎవరు చెబితేనేం, ఆగింది కదా అని ఊరట కూడా. అల్జీరియా 2021లో ఆపేదాకా ప్రపంచంలో ఎక్కడో ఒకచోట అమ్ముతూనే ఉన్నారు.

16 జనవరి, గురువారం

గంధకం సంగతి రాయడం మిగిలింది. హైదరాబాద్‌లో 2010లో బీఎస్-4 కాలుష్య ప్రమాణం వచ్చినప్పుడు పెట్రోలులో గంధకం 50 పీపీఎం, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6లో 10. రిఫైనరీలు ఇంత ఖర్చు పెట్టింది చాలామటుకు బండి కింద ఉన్న ఆ కొద్ది గ్రాముల లోహం కోసమే. ముందు ఇంధనం శుభ్రం కావాలి, తర్వాతే కన్వర్టర్.

19 జనవరి, ఆదివారం

సెలవుల ముందు నా క్లాసులో ఒక అమ్మాయి అడిగింది: "సార్, విషం అంత కొంచెమే ఉంటది కదా, అంత పెద్ద ఉత్ప్రేరకం ఎట్ల పనిచేయకుండ అయితది?" తొందరలో సరిగా చెప్పే వీలు దొరకలేదు. రేపటికి రాసుకుంటున్నాను. బరువు మొత్తం పనిచేయదమ్మా. పైపొర పరమాణువులే పనిచేస్తాయి, వాటిలోనూ అంచుల్లో, మూలల్లో ఉన్నవి ఎక్కువ. విషం వచ్చి కూర్చునేదీ అక్కడే. ఎల్బీనగర్ అంతా ఖాళీగా ఉన్నా చౌరస్తాలో మూడు లారీలు అడ్డం పడితే ఊరు ఆగిపోదూ?

తర్వాత లిండ్లార్ ఉత్ప్రేరకం చెప్పాలి. పిల్లలు పేరు బట్టీ పడతారు, లోపల ఏముందో అడగరు. హెర్బర్ట్ లిండ్లార్ 1952లో కాల్షియం కార్బొనేట్ మీద పల్లాడియం పరిచి, కావాలనే సీసంతో విషపూరితం చేశాడు, క్వినోలిన్ కూడా కలిపాడు. విటమిన్-ఎ తయారీలో ఆల్కైన్‌ను ఆల్కీన్ దగ్గరే ఆపడానికి. మామూలు పల్లాడియం అక్కడ ఆగదు, ఆల్కేన్ దాకా లాక్కుపోతుంది. సీసం తగిలిన పల్లాడియం ఆల్కైన్‌ను పట్టుకోగలదు, ఆల్కీన్‌ను వదిలేస్తుంది. హైడ్రోజన్లు రెండూ లోహం ఉన్న వైపు నుంచే అందుతాయి కాబట్టి సిస్ రూపమే వస్తుంది. బోర్డు మీద ఆ బొమ్మ పెద్దదిగా వేయాలి, వెనక బెంచీలకూ కనపడేలా.