ఐదు నిమిషాల పని

వీడియో గేమ్‌ల గురించి మనం రాసేదంతా పిల్లల గురించే. పిల్లలు చెడిపోతున్నారనో, కళ్ళు పోతున్నాయనో, చదువు అటకెక్కిందనో రాస్తాం. ఆ బెంగ అబద్ధం కాదు. కానీ ఆ ఆటల్ని ఎవరు తయారు చేస్తారు, వాళ్ళ పగళ్ళూ రాత్రులూ ఎలా గడుస్తాయి, ఆట అమ్మగా వచ్చిన డబ్బు ఎవరికి చేరుతుంది అన్న చర్చ మన మధ్య జరిగినట్టు నాకు గుర్తులేదు. చీర గురించి మాట్లాడితే మగ్గం గుర్తొస్తుంది మనకి. ఆట దగ్గర మాత్రం ఆడేవాడు ఒక్కడే కనిపిస్తాడు. నేను పద్నాలుగేళ్ళుగా హైదరాబాద్‌లో ఈ పనిలో ఉన్నాను. పదకొండేళ్ళు జీతానికి చేశాను. మూడేళ్ళుగా ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి సొంతంగా చేస్తున్నాను. అందుకే ఈ నాలుగు మాటలు.

నా పని కంప్యూటర్‌లో వస్తువులు చెయ్యడం. వీరుల్నీ రాక్షసుల్నీ కాదు. రాళ్ళు, పీపాలు, కుర్చీలు, కూలిన గోడలు, మెట్లు. అమెరికాలోనో యూరప్‌లోనో తయారైందని మనం అనుకునే పెద్ద ఆటలో కనిపించే ఇలాంటి సామాను చాలావరకు మనలాంటి దేశాలకి కాంట్రాక్టు మీద వస్తుంది. ఒక రాయి చెయ్యాలంటే ముందు లక్షల ముఖాలతో దాన్ని చెక్కాలి. అంత బరువుని ఆట మొయ్యలేదు కాబట్టి వందల ముఖాలకి కుదించాలి. కుదించినట్టు తెలియకూడదు. తర్వాత దానికి చర్మం తొడగాలి. ఎక్కడ నాచు పట్టింది, ఎక్కడ తడి ఉంది, ఎక్కడ ఎండకి వెలిసింది అన్నీ చూసుకోవాలి. దూరం నుంచి చూస్తే ఒకటి, దగ్గరికొస్తే ఇంకొకటి, ఇలా అదే రాయికి మూడు నాలుగు రూపాలు చెయ్యాలి. పంపాక అవతలివాళ్ళ దిద్దుబాట్లు వస్తాయి. మళ్ళీ చెయ్యాలి. పాపని చూసుకోడానికి కరీంనగర్ నుంచి వచ్చిన మా అమ్మ ఒకరోజు నా వెనక నిలబడి చూసి, "ఒక్క రాయికి మూడు దినాలా బిడ్డా? మన వాకిట్ల ఊకెనే పడి ఉన్నయి గదా" అంది.

ఆడేవాడు ఆ రాయిని రెండు సెకన్లలో దాటిపోతాడు. రాయి బాగుంటే కనిపించదు. కనిపించిందంటే ఏదో తేడా జరిగినట్టే. నీడ తప్పుగా పడిందంటే ఫోటో తీసి నలుగురికీ చూపించి నవ్వుతారు. ఇంటిచాకిరీ గురించి మనం ఏళ్ళ తరబడి చెబుతున్న మాట ఇదే కదా. ఊడ్చిన ఇల్లు ఎవరికీ కనబడదు, ఊడవని మూల అందరికీ కనబడుతుంది. ఆట పూర్తయ్యాక సినిమాలో లాగా పేర్లు పడతాయి. నేను చేసిన చాలా ఆటల్లో మా పేర్లు లేవు. కొన్నిట్లో మా సంస్థ పేరు ఒక్కటి ఉంది. ఫలానా ఆటకి పనిచేశానని బయట చెప్పకూడదని కాగితం మీద సంతకం కూడా పెట్టాం.

ఆట విడుదలకి ముందు నెలల్ని ఈ రంగంలో 'క్రంచ్' అంటారు. నలగ్గొట్టడం అన్నమాట. 2015లో పాపకి ఏడాది నిండకముందే నాకు అలాంటి క్రంచ్ వచ్చింది. "ఈ ఒక్క వారమే అమ్మా" అన్నాడు మా మేనేజరు. ఆ ఒక్క వారం పదకొండు వారాలు సాగింది. కాలిఫోర్నియాలో పొద్దున అయితే మాకు రాత్రి. వాళ్ళు ఆఫీసుకొచ్చి దిద్దుబాట్లు చెప్పేదాకా కూర్చోవాలి. పాలు పిండుకోడానికి చోటు లేక, పాత కంప్యూటర్లు పడేసిన గదిలోకి వెళ్ళి తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకునేదాన్ని. మాతో పనిచేసే మగవాళ్ళూ నలిగారు, కాదనను. కానీ వాళ్ళు ఇంటికెళ్తే మూతపెట్టిన గిన్నెలో అన్నం ఉండేది. ఆ గిన్నె మీద మూత పెట్టిన మనిషి లెక్క మాత్రం ఏ బడ్జెట్‌లోనూ లేదు.

ఆ లెక్క ఒకసారి బయటపడింది. 2004 నవంబరులో అమెరికాలో ఒక స్త్రీ పేరు చెప్పకుండా, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఉద్యోగి జీవన సహచరిగా ఇంటర్నెట్‌లో బహిరంగంగా ఒక ఉత్తరం రాసింది. తన మనిషి వారానికి ఏడు రోజులూ పొద్దున తొమ్మిది నుంచి రాత్రి పదిదాకా పనిచేస్తున్నాడనీ, అదనపు పనికి అదనపు జీతం లేదనీ, ఆరోగ్యం పాడవుతోందనీ. ఆ సంస్థ మీద అప్పటికే మొదలైన కేసుకీ, తర్వాత వేసిన కేసుకీ ఆ ఉత్తరం బలమైంది. కళాకారులకి కోటీ 56 లక్షల డాలర్లు, ప్రోగ్రామర్లకి కోటీ 49 లక్షల డాలర్లు ఇచ్చి 2005, 2006ల్లో సంస్థ రాజీ కుదుర్చుకుంది. రాసింది ఎరిన్ హాఫ్‌మన్ అని 2006లో తెలిసింది. ఆమె కూడా గేమ్ డిజైనరే. కార్మికుడి శ్రమ గురించి అతని ఇంట్లోంచి, స్త్రీ గొంతుతో సాక్ష్యం వచ్చింది. అది చదివినప్పుడల్లా నాకు ఒకటే అనుమానం. నలిగేది స్త్రీ అయితే, ఆ ఉత్తరం ఎవరు రాస్తారు?

ఇక ఆడేవాళ్ళ సంగతి. వాళ్ళని తిట్టడానికి ఇది రాయడం లేదు. కొత్త పెద్ద ఆట నాలుగైదు వేల రూపాయలు. నెలల తరబడి డబ్బు దాచుకుని కొనుక్కున్న కుర్రవాడికి ఆశ ఉంటుంది, ఉండాలి కూడా. కానీ ఆ ఆశని పుట్టించేది ప్రకటన. పోలండ్ సంస్థ సీడీ ప్రాజెక్ట్ 'సైబర్‌పంక్ 2077' అనే ఆటని 2012లో ప్రకటించింది. ఎనిమిదేళ్ళు ఊరించింది. పనివాళ్ళని బలవంతంగా నలగ్గొట్టబోమని 2019లో మాటిచ్చి, 2020లో వారానికి ఆరు రోజుల పని తప్పదంది. విడుదల తేదీ పదేపదే మారింది. అక్టోబరులో మరోసారి వాయిదా వేసినప్పుడు తయారుచేసేవాళ్ళకి చంపుతామని బెదిరింపులొచ్చాయి. డిసెంబరు 10న విడుదలైతే పాత ప్లేస్టేషన్‌లో ఆడలేనంత లోపాలు బయటపడ్డాయి. వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన ఆన్‌లైన్ దుకాణంలోంచి తీసేసి డబ్బు తిరిగిచ్చింది. మళ్ళీ పెట్టింది 2021 జూన్‌లో. కొన్నవాడి కోపం న్యాయమైనదే. అయితే తేదీలు ప్రకటించినవాళ్ళు వేరు, ఆరో రోజు పనికొచ్చినవాళ్ళు వేరు. బెదిరింపులు మాత్రం పనిచేసేవాళ్ళ ఇన్‌బాక్స్‌లకే చేరాయి.

ఆశలు కూడా అందరి మీదా ఒకేలా ఉండవు. 2020లో వచ్చిన 'ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2'లో కండలు తిరిగిన ఆబీ అనే స్త్రీ పాత్ర ఒక హత్య చేస్తుంది. ఆ పాత్రకి గొంతూ కదలికలూ ఇచ్చిన నటి లారా బెయిలీని చంపుతామని రాశారు. కథలో పాత్ర చేసిన పనికి నటికి శిక్ష! ఇక 2014లో యూబీసాఫ్ట్ సంస్థ తన 'అసాసిన్స్ క్రీడ్ యూనిటీ'లో అందరూ కలిసి ఆడే భాగానికి స్త్రీ పాత్ర ఎందుకు లేదంటే, కదలికలూ దుస్తులూ మళ్ళీ చెయ్యాలి, పని రెట్టింపవుతుంది అంది. అదే సంస్థలో అంతకుముందు ఆ ఆటల వరసకే పనిచేసిన యానిమేటర్ జోనథన్ కూపర్, అది ఒకటి రెండు రోజుల పని అని బయటపెట్టాడు.

ఈ ఉదాహరణ నన్ను చాలాకాలం వెంటాడింది. సంస్థకి ఇష్టంలేని పని అయితే ఒక్క రోజుది రెట్టింపు పనిగా మారుతుంది. సంస్థకి కావలసిన పని అయితే పదకొండు వారాలది 'ఒక్క వారం' అవుతుంది. పని ఎంతో చెప్పేవాళ్ళు ఒకరు, చేసేవాళ్ళు ఒకరు. ఇంట్లోనూ ఇంతే కదా. "ఒక్క కప్పు టీకి ఎంతసేపు" అనేది టీ పెట్టేవాళ్ళు కాదు.

మా సొంత ఆట విషయానికొస్తాను. పాలమూరు వైపు ఒక ఊళ్ళో ఎండాకాలం ట్యాంకరు కోసం ఎదురుచూసే యాభై అయిదేళ్ళ స్త్రీ కథ అది. బిందెలు ఎన్ని, ఏ ఇంటికి ఎంత, ఎవరితో తగువు, ఎవరితో సర్దుబాటు, ఇదే ఆట. రెండున్నర గంటల్లో అయిపోతుంది. తెలుగులో ఉండాలని ముగ్గురం పట్టుబట్టాం. మేం వాడిన సాఫ్ట్‌వేర్‌కి వత్తులు కూర్చడం రాదు. 'అమ్మ' అని రాస్తే 'మ' కింద వత్తు వచ్చేది కాదు, పొల్లు పక్కకి జరిగి నిలబడేది. ఆరు వారాలు తంటాలు పడి, చివరికి ప్రతి మాటనీ వేరేచోట రాసి బొమ్మగా మార్చి అతికించాం. అలాంటి బొమ్మలు పదకొండు వందలు.

గత ఏడాది స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో పెట్టాం. ముందుగా వంద డాలర్లు కట్టాలి, వెయ్యి డాలర్ల అమ్మకం జరిగితే అది తిరిగొస్తుంది. మేం పెట్టిన ధర 349 రూపాయలు. జీఎస్టీ 18 శాతం పోతే 296. దాంట్లో స్టీమ్ వాటా 30 శాతం పోతే 207. ముగ్గురికి పంచితే తలా 69 రూపాయలు. కోటి డాలర్లు దాటి అమ్మినవాళ్ళ దగ్గర స్టీమ్ 25 శాతమే తీసుకుంటుంది, అయిదు కోట్లు దాటితే 20 శాతమే. 2018 నుంచీ ఇదే పద్ధతి. బిందె నీళ్ళవాళ్ళకి ఒక రేటు, ట్యాంకరు నీళ్ళవాళ్ళకి ఇంకో రేటు అన్నట్టు.

రెండు గంటలలోపు ఆడి, కొన్న పద్నాలుగు రోజుల్లోగా అడిగితే కారణం చెప్పకుండానే డబ్బు వెనక్కిస్తారు. కొనేవాళ్ళకి అది మంచి హక్కు. నేనూ వాడుకున్నాను. కానీ చిన్న ఆటలు చేసేవాళ్ళకి ఆ గంటల గీత గుండెల మీద గీసినట్టే ఉంటుంది. "కథ ఇంకొంచెం సాగదియ్యండి, డబ్బు వెనక్కి పోదు" అని ఒకరు సలహా ఇచ్చారు. ట్యాంకరు వచ్చాక ఆమె ఇంకా ఎందుకు ఎదురుచూడాలో మాకు అర్థం కాలేదు. సాగదియ్యలేదు.

అభిప్రాయాలు వచ్చాయి. 'ఇందులో గెలవడం ఎక్కడ?' అని ఒకరు రాశారు. 'హీరోయిన్ ముసలిదేంటి' అని ఒకరు. రెండోదానికి జవాబివ్వలేదు. మొదటిదాని గురించి ముగ్గురం ఒక సాయంత్రమంతా మాట్లాడుకున్నాం. అది మంచి ప్రశ్న. మూడో అభిప్రాయం ఒక కుర్రవాడిది. అమ్మకి చూపించాడట, అక్షరాలు చిన్నవిగా ఉండి ఆమె చదవలేకపోయిందట. 'సైజు పెంచడం ఐదు నిమిషాల పని, ఇది కూడా చెయ్యలేరా?' అన్నాడు.

అతను అడిగింది న్యాయం. చెప్పిన లెక్క న్యాయం కాదు. పదకొండు వందల బొమ్మలూ మళ్ళీ చెయ్యాలి, ప్రతి పెట్టే వెడల్పు మార్చాలి, మొదటినుంచీ మళ్ళీ ఆడి చూసుకోవాలి. కోపం దిగమింగకుండా, దాచకుండా, పని మొత్తం వరసగా రాసి, మూడు వారాలు పడుతుందని జవాబిచ్చాం. 'ఇంత ఉంటుందని తెలీదు అక్కా, ఆగుతాను' అని రాశాడు. ఆగాడు. మూడు వారాలు కాదు, నాలుగు పట్టింది. ఆ నాలుగు వారాల పనికి మాకు వచ్చిన ఆదాయం సున్నా. అయినా ఆ పని మీద నాకు విచారం లేదు. ఎందుకంటే అది ఎంత పనో చెప్పింది మేమే.

ఒక్కడే కూర్చుని గొప్ప ఆట చేశాడన్న కథలు ఈ రంగంలో చాలా ఇష్టంగా చెప్పుకుంటారు. 2016లో వచ్చిన 'స్టార్‌డ్యూ వ్యాలీ' అలాంటిదే. ఎరిక్ బరోన్ నాలుగేళ్ళకి పైగా ఒంటరిగా బొమ్మలు, సంగీతం, ప్రోగ్రాం అన్నీ తనే చేశాడు. నాలుగు కోట్లకి పైగా కాపీలు అమ్ముడుపోయాయి. అతని ప్రతిభని నేను తక్కువ చెయ్యను. ఆ ఏళ్ళలో ఇల్లు చాలావరకు గడిచింది అతని సహచరి సంపాదనతో అని జేసన్ ష్రయర్ 2017 నాటి పుస్తకంలో రాశాడు. మా ఆట కూడా నా సహచరుడి జీతం మీదా, పాపని చూసుకున్న మా అమ్మ ఒంటి ఓపిక మీదా తయారైంది. అందుకే చివర పడే పేర్లలో అమ్మ పేరు పెట్టాం. 'ప్రత్యేక కృతజ్ఞతలు' కింద కాదు, మా ముగ్గురి పేర్ల పక్కనే. "నేనేం చేసిన బిడ్డా?" అంది. ఏం చేసిందో గంటలతో సహా చెప్పాను.

ఇదంతా మన పత్రికలో ఎందుకంటే, ఆటలు ఇప్పుడు కథలు చెబుతున్నాయి. మన పిల్లలు నవలల కంటే ముందు వాటినే చదువుతున్నారు. వాటిమీద విమర్శ రాయగల చదువూ చూపూ మనకున్నాయి. అందులో స్త్రీ పాత్ర ఎలా ఉందో అడగండి. దాన్ని చేసిన స్త్రీలు ఎలా ఉన్నారో కూడా అడగండి. 2022 మేలో అమెరికాలోని రేవెన్ సాఫ్ట్‌వేర్‌లో ఆటల లోపాలు వెతికే పనివాళ్ళు, ఆ రంగంలో అందరికంటే తక్కువగా చూడబడేవాళ్ళు, ఓటేసి యూనియన్ పెట్టుకున్నారు. నేను జీతానికి చేసిన చోట ఆ మాట ఎత్తినవాళ్ళు లేరు. ఇప్పుడు మేం అయిదారుగురం నెలకొకసారి ఒకరింట్లో కలుస్తున్నాం. ఎవరి దగ్గర ఎన్ని గంటలు పని, ఎంత జీతం, పేరు పడిందా లేదా అని ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాం. పేర్లు రాయడం లేదు, గంటలు రాస్తున్నాం. ముందు ఆ లెక్క మన చేతిరాతలో ఉండాలి.