చేపలు లేని తొట్టి

చేప శ్వాసించేదీ విసర్జించేదీ ఒకే నీటిలో. చెరువులో ఆ మలినం పలచబడిపోతుంది. 40 లీటర్ల అద్దాల తొట్టిలో దానికి పోవడానికి దారి లేదు. మొప్పల నుండి వెలువడే అమ్మోనియా, మిగిలిన మేత కుళ్ళగా పుట్టే అమ్మోనియా కలిసి, కంటికి తేటగా కనిపించే నీటినే విషం చేస్తాయి. అందుకే తొట్టి ఇంటికి వచ్చిన నాడే, నెల దాటేవరకు అందులో చేపలు ఉండవని చెప్పాను.

మా 8 ఏళ్ళ అమ్మాయికి ఆ మాట రుచించలేదు. "ఖాళీ తొట్టిలో ఏం చూడాలి అమ్మీ?" అని అలిగింది. దుకాణదారుదీ ఆమె పక్షమే. ఈ రోజే వేయవచ్చన్నాడు. చేపలు చస్తే మళ్ళీ కొనేది మనమే కదా!

నిజానికి అది ఖాళీ తొట్టి కాదు. ఒక జాతి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే, చేప రక్తం ప్రాణవాయువును మోయకుండా చేస్తుంది. మరో జాతి దానిని నైట్రేట్‌గా మారుస్తుంది. కొద్దిపాటి నైట్రేట్ చేపకు అంతగా హాని చేయదు. ఈ జీవులు ఎక్కువగా ఉండేది నీటిలో కాదు, ఫిల్టరు స్పాంజిలో, అడుగున పరచిన గులకరాళ్ళపై. అవి పెరిగేది మహా నెమ్మదిగా.

కుళాయి నీటిలోని క్లోరిన్ వాటిని చంపుతుంది గనుక ముందుగా దానిని విరిచే మందు కలిపాను. ఫిల్టరును రాత్రింబవళ్ళు నడిపించాను. రోజూ చిటికెడు మేత వేస్తుంటే, "నీళ్ళకు అన్నం పెడుతున్నారా?" అని నానీ నవ్వింది. అసర్ నమాజు తర్వాత పరీక్ష ద్రవం చుక్కలు వేసి, వచ్చిన రంగును అమ్మాయి చేత నోటు పుస్తకంలో రాయించేదాన్ని. మొదట అమ్మోనియా పెరిగింది. అది తగ్గుతుండగా నైట్రైట్ పెరిగింది.

ఇంతలో ఈద్ వచ్చింది. బంధువుల పిల్లలకు చేపలను చూపించాలని అమ్మాయి ఎంతో ఆశపడింది. ఈదీతో పాటు చేపలూ తెస్తానని వాళ్ళ చాచా మాట ఇచ్చారు. నైట్రైట్ పరీక్ష ఇంకా ఊదా రంగే చూపుతోంది. వద్దన్నాను. పండుగ పూట అది ఏడుస్తుంటే చూడడం నాకు తేలిక కాలేదు. అయినా, ముచ్చటపడి తెచ్చిన ప్రాణిని విషపు నీటిలో ఎలా వదలను?

ఆరవ వారంలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపాయి. సగం నీరు మార్చి మూడు గప్పీ చేపలను వదిలాము. మరో పది తెస్తానన్న చాచాను ఈసారి ఆపింది అమ్మాయే.

"ఇప్పుడే వద్దు చాచా. లోపల ఉన్నవి ఇంకా మూడింటికే సరిపోతాయి."