తొలి రైఫిలు

ఎన్.సి.సి.లో .22 రైఫిలు పట్టిన నాటినుంచి నా మనసు బెంచ్‌రెస్ట్ మీదనే. బల్లపై ఇసుక సంచులమీద రైఫిలు ఆనించి 50 మీటర్ల దూరాన గురి కొట్టడమన్నమాట. ఆ దూరం పోయేలోపే తూటా సుమారు 12 సెంటీమీటర్లు కిందికి జారుతుంది. ఫిజిక్సు చదివేవాడికి ఇంతకన్నా ఇంపైన ఆట ఏముంటుంది చెప్పండి!

భుజాన మోసేది కాదు గనుక బరువు లోపం కాదు. నున్నని కట్టె, మెరుగు చూసి మురిసిపోవద్దు. లావుపాటి గొట్టం, తేలిగ్గా కదిలే ట్రిగ్గరు చూడాలి. నా ఎంపిక అదే. కాని 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సుకు 21 నిండాలి, నాకు 20. పైగా కొల్లాపూర్‌లో మామిడికాయ అమ్మిన పైసలు నాయిన చేతిలో, బోరు మోటరేమో కాలిపోయి.

"అడివి పందుల్ని కొడతదారా అది?"

"లేదు నాయినా, కాగితాన్నే."

"అట్లయితే ఏడాది ఆగు. ముందుగాల మోటరు."