డిష్షు తిప్పుదాం, డాబా ఎక్కండి

ఏవండోయ్, కాస్త డాబా మీదకి వస్తారా? పనేం చెప్పనులెండి. చుట్టుపక్కల డిష్షులు చూపిద్దామని. అన్నీ ఒకే వైపు చూస్తున్నాయనుకున్నారు కదూ? మన హైదరాబాదులో టాటా ప్లే వాళ్లది దాదాపు దక్షిణానికి, కాస్త తూర్పు మొగ్గి ఉంటుంది. ఫ్రీ డిష్షు ఆగ్నేయానికి. ఎయిర్‌టెల్ వాళ్లది ఇంకా తూర్పుకి. ఎవరింట్లో ఏ కంపెనీయో గడప తొక్కకుండానే చెప్పేయొచ్చు. రైల్లో కిటికీ సీటు దొరికితే నాకిదే పని. పక్కవాళ్లు ఏమనుకుంటారంటారా? అనుకోనివ్వండి!

ఆ డిష్షులు చూసే ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖకి నెత్తిన, 35,786 కిలోమీటర్ల ఎత్తులో, వేటి రేఖాంశాల మీద అవి కూర్చున్నాయి. ఒకటి 83 డిగ్రీల దగ్గర, ఒకటి 93.5, ఒకటి 108.2. భూమితో పాటే తిరుగుతాయి గనక మనకి కదలనట్టే. ఇక్కడ వాస్తు సిద్ధాంతిగారి మాట చెల్లదు. పైవాడు ఎటుంటే అటే తిరగాలి.

ఇవి టీవీ డిష్షులు, ఊరికే వింటాయి. అసలు సరదా ఇంటర్నెట్ డిష్షుది. అది తిరిగి మాట్లాడుతుంది కూడా. పెట్రోలు బంకు మీద, ఊరి చివరి బ్యాంకు మీద పెద్దది కనబడుతుందే, అదే. ఏజెన్సీలో తీగ వెళ్లని పంచాయతీకి అదే దిక్కు. ఉదాహరణకి జీశాట్-11 ఉపగ్రహాన్ని తీసుకోండి. 2018 డిసెంబరులో ఎగిరింది, 74 డిగ్రీల దగ్గరుంది. హైదరాబాదు నుంచి దక్షిణానికి కొంచెం పడమరగా తిరిగి, 69 డిగ్రీలు తలెత్తాలి. అంటే ఇంచుమించు నడినెత్తికే!

మరి డిష్షేమో ఎదురింటి బాల్కనీకేసి చూస్తున్నట్టుంటుందేం? అక్కడే ఉంది దాని కొంటెతనం. అది పెద్ద డిష్షులోంచి పక్కగా కోసిన ముక్క. అందుకే పెళ్లిచూపుల్లో కుర్రాడిలా మొహం ఒకవైపు, చూపు ఇంకోవైపు. మొహం కన్నా చూపు ఇరవై డిగ్రీల పైచిలుకు ఎత్తులో ఉంటుంది. కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్లు పాపం దాన్ని ఆకాశానికి వెల్లకిలా పడుకోబెట్టి, సిగ్నలేదీ అని తల గోక్కుంటారు.

దీన్ని బిగించాలంటే ముందు గొట్టం నిలబెట్టాలి. రసమట్టం పెట్టి నాలుగు వైపులా చూడాలి. గొట్టం ఒరిగిందా, డిష్షు తిప్పుతున్నకొద్దీ ఎత్తు కూడా మారిపోతుంది. దిక్సూచి ఇనప గొట్టం పక్కన చూడకండి, అబద్ధం చెబుతుంది. నాలుగడుగులు అవతలికి జరిగి చూడండి. ఎత్తు స్కేలు మీద పెట్టేసి, ఇక పక్కకి తిప్పడమే. మెల్లిగా! 1.2 మీటర్ల డిష్షు అంచు సెంటీమీటరు జరిగితే చూపు డిగ్రీ తప్పుతుంది, సిగ్నల్ సన్నగిల్లిపోతుంది. సిగ్నల్ పసిగట్టే ఫైండరు కుయ్యిమంటుంది. ఆగు, ఆగు... పోయింది! వెనక్కి. ఆఁ, ఆఁ, అదీ! అంతలో పానాతో నట్టు బిగిస్తే ఆ బిగింపుకే జరిగిపోతుంది. అందుకని ఈ నట్టు కాస్త, ఆ నట్టు కాస్త, మార్చి మార్చి బిగించాలి. ఫైండరు కూసిందని సంబరపడిపోకండి, పక్కింటి ఉపగ్రహానికైనా అలాగే కూస్తుంది. ఇక డిష్షు ముందుండే ఫీడు మెలిక సరిచూడ్డానికి, నెట్‌వర్కు నడిపే హబ్బువాళ్లకి ఫోన్ చేయాలి. "కొంచెం తిప్పండి... ఎక్కువైంది... అంతే!" ఆ 'అంతే' వినడం కోసం మండుటెండలో ఎంతసేపైనా నిలబడొచ్చు.

ఈ డిష్షు మనకి నిన్నమొన్నటి ముచ్చట కాదు సుమండీ. 1975లో నాసా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీ వచ్చింది. వాటిలో మన పల్లెలూ ఉన్నాయి. కోళ్లగూటికి కొట్టే తీగవల ఉంటుందే, దానితోనే డిష్షులు కట్టారు! ముచ్చటగా లేదూ?

ఉపగ్రహ ఇంటర్నెట్‌కి లోపాలుండవా అంటే ఉంటాయి. ముసురుని ఓర్చుకుంటుంది, కుంభవృష్టికి తలొంచేస్తుంది. మనం నొక్కింది పైకెళ్లి కిందకి దిగి, జవాబు మళ్లీ అదే దారిన రావాలి కదా, కాంతి వేగంతో వచ్చినా అర సెకను పడుతుంది. ఆన్‌లైన్ ఆటలాడే పిల్లలు తిట్టుకుంటారు. వాళ్లకి 550 కిలోమీటర్ల దగ్గర తిరిగే స్టార్‌లింక్ కావాలి. అమెరికాలో మనవాళ్లు పెట్టుకున్నారుగా, పెరట్లో పెట్టి ప్లగ్గు గుచ్చితే ఆకాశంలో ఉపగ్రహాన్ని అదే వెతుక్కుంటుంది. ఇక మన చేతికి పనేది? పానా ఏ మూల పెట్టుకోవాలి?

అన్నట్టు, అంతా బిగించాక గొట్టాన్నీ క్లాంపునీ కలిపి మార్కరుతో ఓ గీత గీయండి. కోతులు ఊగి పోయాక గీతకి గీత కలిపితే దిక్కు కుదిరిపోతుంది. ఏంటీ, మీ ఊళ్లో కోతుల్లేవా? ఏ ఊరండీ మీది?