మేనల్లుడి ఫారం, నా ఫారం

ఈసారి బరంపురం కబుర్లు కావు, మా ఇంటి కబురు.

మా చెల్లెలి కొడుకు అమెరికాలోనే పుట్టి పెరిగాడు. అక్కడి రక్షణ శాఖ పనులు చేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. సెక్యూరిటీ క్లియరెన్స్ వస్తేనే చేరాలి. దానికి ఎస్‌ఎఫ్-86 అని ఒక ఫారం ఉంది, వంద పేజీలు దాటుతుంది. దగ్గరి సంబంధమున్న విదేశీయులెవరో కూడా రాయాలట. అలా నా పేరూ అందులోకెక్కింది!

ఒక రాత్రి చెల్లెలు ఫోన్ చేసింది. "పందొమ్మిదేళ్లప్పుడు వీడు హాస్టల్లో బీరు తాగుతూ దొరికాడన్నయ్యా. పోలీసు చీటీ, జరిమానా. తర్వాత లాయరు రికార్డు తీసేయించాడు. ఇప్పుడు రాయడమెందుకు?" అని.

అక్కడ ఇరవై ఒకటి నిండందే తాగకూడదు. 1984లో వచ్చిన చట్టంతో రాష్ట్రాలన్నీ ఆ దారికొచ్చాయి. మావాడు ఫారం చదివి వినిపించాడు. మద్యానికి సంబంధించిన కేసు ఎప్పుడైనా పడిందా అని ఒక ప్రశ్న. అక్కడ ఏడేళ్ల గడువు లేదు, "ఎప్పుడైనా" అనే ఉంది. రికార్డు కొట్టేసినా చెప్పాల్సిందే.

అర్హత తేల్చడానికి పదమూడు మార్గదర్శకాలున్నాయట, 2017 జూన్ నుంచి అమల్లో ఉన్నవి. తాగుడు వాటిలో ఒకటి. ఏ వయసులో జరిగింది, ఎన్నాళ్లయింది, మళ్లీ జరిగిందా అని చూస్తారు. కుర్రతనంలో ఒక్కసారి జరిగినదానికి తలుపు మూసెయ్యరు. దాచితే మాత్రం అది వేరే మార్గదర్శకం కిందికి పోతుంది, నడవడిక అని. తెలిసి అబద్ధం రాస్తే అయిదేళ్ల దాకా జైలు కూడా పడొచ్చు.

"మావయ్యా, నువ్వైతే ఏం చేస్తావు?" అన్నాడు వాడు.

నేను చేసిందే చెప్పాను. కాలేజీ రోజుల్లో గోపాల్‌పూర్ బీచిలో నలుగురం తాగి గొడవ చేశాం. ఠాణాలో కూర్చోబెట్టి, జరిమానా కట్టించుకుని వదిలారు. తర్వాత సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగానికి అటెస్టేషన్ ఫారం వచ్చింది. ఎప్పుడైనా అరెస్టయ్యారా, జరిమానా పడిందా అని అడిగింది. పైన హెచ్చరిక కూడా ఉంది, సమాచారం దాస్తే అనర్హులని. నాన్నగారు పక్కనే కూర్చున్నారు. "లేదు" అని రాశాను.

ముప్పై రెండేళ్లు చేశాను సర్వీసు. ప్రమోషన్ వచ్చిన ప్రతిసారీ స్వీట్లు పంచాను, ఆ రాత్రి నిద్రపోలేదు. పర్సనల్ సెక్షన్ నుంచి ప్యూన్ వస్తే చాలు, కడుపులో దేవినట్టుండేది. నిజం రాసుంటే ఉద్యోగం వచ్చేదో రాదో. రిటైరయిన రోజు దండలు వేస్తుంటే కూడా నాకు ఆ గడే గుర్తొచ్చింది.

ఫోను అవతల చెల్లెలు చాలాసేపు మాట్లాడలేదు. "నాన్నకి తెలుసా?" అంది చివరికి. తెలీదన్నాను.

మావాడు ఉన్నదున్నట్టు రాశాడు. విచారణకు వచ్చినాయన బీరు సంగతి పది నిమిషాల్లో ముగించి, బరంపురం మావయ్య గురించి గంటసేపు అడిగాడట. ఫలితం ఇంకా రాలేదు.

గోపాల్‌పూర్ సంగతి మా ఆవిడకు ఈ పోస్టుతోనే తెలుస్తుంది. సాయంత్రం మా ఇంటికి వచ్చేవాళ్లు కాస్త చూసుకుని రండి.