టెర్రరిస్టు కేసుల్లో రుజువు అడగకూడదా?

మహిమలు చూపిస్తానన్న బాబాని మనం అడిగేది ఒకటే, రుజువేదీ అని. టెర్రరిస్టు కేసు అనేసరికి ఆ ప్రశ్న అడగడానికి మనవాళ్లు కూడా జంకుతారు. పోలీసులు పట్టుకున్నారు, టీవీలో చూపించారు, కోర్టు శిక్ష వేసింది, ఇంకేం కావాలి అంటారు. హేతువాదం ఎక్కువ అవసరమైంది ఇక్కడే అని నా అభిప్రాయం.

1974 నవంబరు 21న ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో రెండు పబ్బుల్లో బాంబులు పేలి 21 మంది చనిపోయారు. ఆరుగురు ఐరిష్ వాళ్లకి 1975లో యావజ్జీవ శిక్ష పడింది. ముఖ్యమైన ఆధారాలు రెండే. ఒకటి, పోలీసుల చేతిలో ఉండగా నలుగురు ఇచ్చిన నేరాంగీకారాలు. రెండు, చేతులకు పేలుడు పదార్థం అంటిందని చెప్పిన గ్రీస్ పరీక్ష. 99 శాతం ఖాయం అన్నాడు ఫోరెన్సిక్ నిపుణుడు. వాళ్లలో అయిదుగురు రైల్లో పేకాడుకుంటూ వెళ్లారు. పేకముక్కల పైపూత తగిలినా ఆ పరీక్షలో అదే ఫలితం వస్తుందని తర్వాత తేలింది. ఈ ఫలితం ఇంకా వేటివల్ల రావచ్చు అని అడగకపోతే ల్యాబులో చేసిన పరీక్షకీ అంజనం వేసి దొంగను చెప్పడానికీ తేడా ఏముంది?

16 ఏళ్ల జైలు తర్వాత 1991లో వాళ్లు బయటికొచ్చారు. అదే రోజు బ్రిటిష్ ప్రభుత్వం ఒక రాయల్ కమిషన్‌ని ప్రకటించింది. దాని ఫలితంగా 1997 నుంచి ఒక స్వతంత్ర సంస్థ పనిచేస్తోంది. అప్పీళ్లు అయిపోయిన కేసుల్ని కూడా మళ్లీ పరిశీలించి, అనుమానం ఉంటే అప్పీలు కోర్టుకి పంపుతుంది.

మన దేశంలో అలాంటిది లేదు. 2006 జులై 11న ముంబయి లోకల్ రైళ్లలో బాంబులు పేలి 180 మందికి పైగా చనిపోయారు. 2015లో 12 మందికి శిక్ష పడింది, అందులో అయిదుగురికి ఉరి. 2025 జులైలో బొంబాయి హైకోర్టు అందర్నీ నిర్దోషులంది. నేరాంగీకారాల్లో కొన్ని భాగాలు ఒకదాన్నుంచి ఒకటి కాపీ కొట్టినట్టున్నాయంది. అప్పటికే ఒకాయన జైల్లోనే పోయాడు. ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్లింది. హైకోర్టు తీర్పుని వేరే కేసుల్లో ఆధారంగా తీసుకోవద్దన్న సుప్రీంకోర్టు, విడుదలైనవాళ్లని మాత్రం తిరిగి జైలుకి పంపలేదు.

హైదరాబాదు సంగతి మనకి తెలిసిందే. 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత అరెస్టయి, నిర్దోషులుగా బయటపడ్డ కుర్రాళ్లకి రాష్ట్ర ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వుని కొట్టేసింది. ఇలాంటివాళ్లకి పరిహారం హక్కుగా ఇచ్చేలా చట్టం చెయ్యమని 2018లో లా కమిషన్ తన 277వ నివేదికలో సిఫారసు చేసింది. ఆ చట్టం రాలేదు.

ఇదంతా చెబితే ఒక మిత్రుడు, "మరి చచ్చిపోయినవాళ్ల సంగతేంటి?" అన్నాడు. నేను అడిగేది వాళ్ల కోసం కూడా. బర్మింగ్‌హామ్ పేలుళ్లకి ఆ ఆరుగురు తప్ప ఇంతవరకూ ఇంకెవరికీ శిక్ష పడలేదు. తప్పు మనిషిని లోపల వేసి ఫైలు మూసేస్తే అసలువాడి కోసం వెతికేదెవరు? పోలీసుల తప్పుని పోలీసులే విచారించుకుంటే, బాబా మహిమకి బాబా శిష్యుడే సాక్ష్యం చెప్పినట్టుంటుంది. ప్రభుత్వం నిజంగా సమీక్ష చెయ్యాలనుకుంటే, ఆ పని తన చేతిలో లేని సంస్థకి అప్పగించాలి.